పది డబ్బాలు, ఒక సీసా

ఆదివారం మధ్యాహ్నం వంటింటి వైపు పోవాలంటే ఆయన తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకునేవాడు.

బల్ల మీద పది డబ్బాలు వరసగా నోళ్ళు తెరుచుకుని ఉండేవి. ఐదు కూతురివి, ఐదు ఆయనవి. అల్లుడిది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. వారంలో ఐదు రోజులు బయటే తింటాడు కనుక ఆ డబ్బాల పీడ అతనికి లేదు. అదృష్టవంతుడు అనుకునేవాడు ఆయన. అల్లుడి గురించి ఆయన అనుకున్న మంచి మాట అదొక్కటే.

కూతురు ముందు గోధుమలు ఉడకబెట్టేది. పొట్టు తీసి మెరుగు పెట్టిన గోధుమలు. ఉడికాక నీళ్ళు వంపేసి, వెడల్పాటి పళ్ళెంలో పరిచి ఫ్యాను కింద పెట్టేది. అవి చల్లారుతూ ఒకదాన్నొకటి అంటుకుని, జ్వరం దిగినవాడి నుదురులా చెమర్చేవి. ఈలోగా కీరదోస, టమాటా, ఉల్లిపాయ తరిగేది. ఉడికిన శనగలు కలిపేది. సీసాలోంచి ఆలివ్ కాయలు తీసేది. వాటిని చూస్తే ఆయనకు వానలో నానిన మేకపెంటికలు గుర్తొచ్చేవి. ఉప్పునీళ్ళలోంచి తీసిన తెల్లటి చీజును వేళ్ళతో చిదిపి చల్లితే, తడి గోడ సున్నం పెచ్చులూడినట్టు రాలేది. ఆ పైన కొత్తిమీరలా ఉండే పార్స్‌లీ ఆకు, నిమ్మరసం, ఆలివ్ నూనె.

నూనె అంటే పొయ్యి మీద కాగాలి. ఇది పచ్చి నూనె. చల్లారిన గింజల మీద పచ్చి నూనె పోసుకుని తినడం మనుషుల పని కాదని ఆయన నమ్మకం. బండి ఇరుసుకు పోస్తారు అలాగ.

మూతలు బిగించి ఫ్రిజ్‌లో పేర్చాక కూతురు చేతులు తుడుచుకుని, ఇంక శుక్రవారం దాకా మధ్యాహ్నం తిండి బెంగ లేదనేది. పరీక్ష బాగా రాసి వచ్చిన పిల్ల ముఖం పెట్టేది.

ఆయన బెంగ అప్పుడు మొదలయ్యేది. సోమవారం ఆ సలాడ్‌ను మనసు రాయి చేసుకుని తినొచ్చు. మంగళవారం కీరదోస ముక్కలు నీళ్ళు వదులుతాయి. బుధవారం చీజు కరిగి గింజలన్నిటికీ పూత పూస్తుంది. గురువారానికి ఆకు నల్లబడి జిగురొస్తుంది. శుక్రవారం మూత తీస్తే డబ్బా ఒక నిట్టూర్పు విడుస్తుంది. తిండి నిట్టూర్చకూడదు.

దానికి ఒక సముద్రం పేరు కూడా ఉంది. మధ్యధరా సలాడ్ అట. ఆయన చదువుకున్న పల్లెటూరి బడిలో గోడకు ఒక పటం వేలాడేది. అందులో మధ్యధరా సముద్రం ఒక నీలం మరక; దాని మీద బల్లి రెట్ట వేసింది. మాస్టారు బెత్తంతో చూపిస్తే బెత్తం సరిగ్గా ఆ రెట్ట మీదే ఆగేది. యాభై ఏళ్ళ తరువాత ఆ సముద్రం డబ్బాలో తన ముందుకొస్తుందని ఎవరనుకున్నారు.

కూతురు మీద విసుక్కునే ధైర్యం మాత్రం ఆయనకు లేదు. భార్య పోయి రెండేళ్ళయింది. ఒక మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. ఒక్క ముక్క చెప్పకుండా పోయినందుకు ఆయన ఆవిణ్ణి ఇంకా క్షమించలేదు. తరువాత ఆయన మధ్యాహ్నాలు టీలో రొట్టె ముంచుకుని తింటున్నాడని తెలిసి, కూతురు ఈ డబ్బాలు మొదలుపెట్టింది. ఆమె ఒక కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్ష చేస్తుంది. పొద్దున్నే పోవాలి, వారం మధ్యలో వంటకు తీరిక ఉండదు. పైగా ఆయన పళ్ళన్నీ పీకించుకున్నాక ఆమెకు ఇంకో సాకు దొరికింది. మెత్తగా ఉంటుంది నాన్నా, చిగుళ్ళు నొప్పి పుట్టవు అంది. గింజలు కట్టుడు పళ్ళ అడుగుకు దూరి గంటసేపు గుచ్చుతాయని ఆయన చెప్పలేదు. చెప్పుకునే విషయమా అది.

ఆ పళ్ళ సంగతి కూతురికి, అల్లుడికి తప్ప ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియకూడదు కూడా. ఎందుకంటే ఆయన బతుకుతెరువు ఆ నోరే.

ఊరి చివర ధాన్యపు గోడౌనులో ఆయన పని గింజ కొరకడం. లారీలో వచ్చిన ప్రతి లాటులోంచి, మొనదేలిన ఇనుప గొట్టాన్ని సంచిలోకి దించి పిడికెడు గింజలు లాగుతాడు. అరచేతిలో పోసుకుని ఊదుతాడు, వాసన చూస్తాడు, మూడు గింజలు దవడ పళ్ళ మధ్య పెట్టి నొక్కుతాడు. టప్పుమని పగిలితే ఎండిన గింజ. సాగితే తేమ ఉంది. పిండిలా కూలితే లోపల పురుగు తొలిచింది. తేమ చూసే యంత్రం గోడౌనులో ఉంది. పైకి నిగనిగలాడుతూ లోపల గుల్లయిన గింజను మాత్రం యంత్రం పట్టలేదు. ముప్ఫై నాలుగేళ్ళు ఆయన తలాడిస్తేనే లాటు లోపలికి వెళ్ళింది. తల అడ్డంగా తిప్పితే లారీ వచ్చిన దారినే పోయింది. హమాలీలు ఆయన్ని కొరుకుడు బాబాయ్ అనేవాళ్ళు. మేనేజరు మాస్టారూ అనేవాడు. మిల్లుల వాళ్ళయితే ఆయన ముద్ర పడ్డ లాటును మళ్ళీ విప్పి చూసేవాళ్ళు కాదు.

ఏడు నెలల కిందట, ఇంటికి రంగులు వేయిస్తున్నానని ఇరవై రోజులు సెలవు పెట్టి, ఊరికి అటు కొసన ఉన్న పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. చిగుళ్ళు చెడిపోయాయి. మొత్తం పీకేశాడు ఆ డాక్టరు, పొలంలో మొక్కజొన్న మోళ్ళు పీకినట్టు. కొత్త పళ్ళతో పనిలోకి తిరిగొస్తే హమాలీల మేస్త్రీ ఎగాదిగా చూసి, ఈ మధ్య ముఖంలో కళ వచ్చిందే బాబాయ్ అన్నాడు. అంతే.

కట్టుడు పళ్ళకు ప్రాణం ఉండదు. గింజ పగిలిందో కూలిందో లోపలికి కబురు రాదు. చేతికి గుడ్డ చుట్టుకుని నాడి చూసినట్టుంటుంది. ఆయన కొన్నాళ్ళు చప్పుడును బట్టి నెట్టుకొచ్చాడు, కొన్నాళ్ళు వాసనను బట్టి, కొన్నాళ్ళు లారీ తెచ్చినవాడి ముఖాన్ని బట్టి. నిజం చెప్పేస్తే పోయేది పదకొండు నెలల పని. ఆ తరువాత ఎలాగూ రిటైరవుతాడు. కానీ ఆ పదకొండు నెలలూ గేటు పక్కన స్టూలు వేసి కూర్చోబెడతారు, వచ్చేపోయేవాళ్ళు జాలిపడతారు. ఆయనకు మిగిలింది పేరొక్కటే. అది పోగొట్టుకోవడం కంటే గుడ్డ చుట్టిన చేత్తో నాడి చూడటమే నయమనిపించింది.

ఆయన పేరును లెక్కచేయని మనిషి లోకంలో ఒక్కతే ఉండేది. ఆయన భార్య. గోడౌను నుంచి ఆయన స్వయంగా కొరికి తెచ్చిన గింజలనే ఆవిడ పళ్ళెంలో పోసుకుని, కిటికీ దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ ఏరేది. అందులో ఏమీ ఉండేది కాదు. అయినా ఏరేది. ఊరంతా నమ్మే నోటిని ఇంట్లో పెళ్ళాం నమ్మదని ఆయన ఒకసారి మూడు రోజులు మాట మానేశాడు. మూడో రోజు కూడా ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని ఏరుతూనే ఉంది. అది కూడా ఆయన క్షమించలేదు.

ఒక బుధవారం గోడౌనులో అందరితో కలిసి భోజనానికి కూర్చున్నాడు. ఆయన మూత తీస్తుంటే మేస్త్రీ మెడ చాచి చూశాడు.

"ఇవాళ కూడా సముద్రమేనా బాబాయ్? ఈతొస్తుందా లేదా ముందు చూసుకో."

నలుగురూ నవ్వారు. ఆయన మొహం మాడ్చుకుని చెంచా ముంచాడు. చీజు పూత పట్టిన గోధుమలు, కన్నీళ్ళు పెట్టుకున్న కీరదోస. రెండో ముద్దకే ఏదో కింది పళ్ళ అడుక్కి దూరి సూదిలా గుచ్చింది. ఓర్చుకుని చూశాడు. తగ్గలేదు. లేచి, గోడౌను వెనక నీళ్ళ కుళాయి దగ్గరికి పోయి, చుట్టూ చూసి, పళ్ళు తీశాడు.

గులాబీ రంగు అడుగున, తెల్లటి చీజు ముద్దలో, సగం గోధుమ గింజ ఉంది. దాని నడుమ గుండ్రటి బెజ్జం. బెజ్జంలోంచి ముక్కు పురుగు తల ఒకటి బయటకు చూస్తోంది. ఉడికిపోయి గోధుమ రంగుకు తిరిగింది. దాని సన్నటి ముక్కు మాత్రం ఇంకా గట్టిగానే ఉంది. ఇంతసేపు గుచ్చింది అదే.

ఆయన కుళాయి కింద వంగి, పేగులు నోట్లోకి వచ్చేదాకా కక్కాడు. కక్కాక, ముఖం కడుక్కుంటుంటే, విచిత్రంగా సంతోషం వేసింది. ఇక ఈ డబ్బాల పీడ వదిలింది. ఇంత పెద్ద కారణం దొరికాక కూతురు మాత్రం ఏమనగలదు. డబ్బాను ఒక మూలకు తీసుకుపోయి, పాత కాగితం మీద ఒక చెంచాడు పరిచి, అగ్గిపుల్లతో విడదీశాడు. ముప్ఫై గింజల్లో పదకొండు గుల్లవి. రెండింటిలో మనుషులు కాపురమున్నట్టే పురుగులు కాపురమున్నాయి. ఈ గోధుమ మిల్లుకు పాస్ చేసిన చవట ఎవడో, వాడి నోట్లో మట్టి కొట్టాలి అనుకున్నాడు.

సాయంత్రం ఇంటికి పోతూ దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. నీ సముద్రంలో చేపలు లేవమ్మా, పురుగులున్నాయి అని మొదలుపెట్టాలి. కూతురు ఇంకా రాలేదు. వంటింటి అలమారలో గోధుమ సంచులు మూడున్నాయి, ఒకటి విప్పింది. ముదురు రంగు సంచి, మీద పచ్చటి పొలం బొమ్మ, అలాంటి పొలం ఆ బొమ్మ వేసినవాడు కూడా చూసి ఉండడు. ఒక గుప్పెడు తీసి వాసన చూశాడు. తడిసి ఆరిన గోనె వాసన. నిమ్మరసం, ఉల్లిపాయ కలిసి ఇన్ని వారాలు ఆ వాసనను కప్పేశాయి. సంచి తిరగేశాడు. వెనక మిల్లు ముద్ర, దాని కింద చిన్న అంకెల్లో లాటు నంబరు.

ఆ నంబరు ఆయనకు తెలుసు. ఐదు నెలల కిందట తన చేత్తో సుద్దముక్కతో సంచుల మీద రాసిన నంబరు. ఆ రోజు కొత్త పళ్ళు పెట్టుకుని పనిలోకి వచ్చిన రెండో నెల. కింది పళ్ళు అప్పటికి ఇంకా ఒరుసుకుంటున్నాయి. మూడు గింజలు నోట్లో వేసుకుని, నొక్కినట్టు నటించి, తలాడించాడు.

గోధుమలు గుప్పెట్లో అలాగే ఉండిపోయాయి. మధ్యాహ్నం తాను తిట్టిన చవట మొహాన్ని సింకు పైనున్న అద్దంలో చూశాడు.

కూతురు వచ్చింది. సంచి చేతిలో పట్టుకుని నిలబడ్డాడేమిటని అడిగింది. ఏం లేదన్నాడు. ఆమె ఉత్సాహంగా ఉంది. దుకాణంలో తన డబ్బా చూసి మిగతా నలుగురు ఆడవాళ్ళూ ఇదే నేర్చుకున్నారట, అందరూ ఇవే సంచులు కొంటున్నారట, ఒకామె తన చిన్నపిల్లలకు కూడా ఇదే పెడుతోందట. నీకు నచ్చదనుకున్నాను గానీ నీ డబ్బా ఖాళీగా వస్తోంది కదా అంది. పురుగు సంగతి చెబితే సంచి చూస్తుంది. సంచి చూస్తే మిల్లును తిడుతుంది. మిల్లు గోడౌను పేరు చెబుతుంది. గోడౌనులో ఆ పని చేసేది ఒక్కడే.

మర్నాడు పొద్దున ఆమె గురువారం డబ్బా తీసి సంచిలో పెట్టుకుంటుంటే ఆయన ఎదురుగానే ఉన్నాడు. చెంచా మరిచిపోతే తీసి చేతికిచ్చాడు కూడా. ఆమె వీధి మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూశాడు. తరువాత తన డబ్బా తీసుకుని పనికి పోయాడు.

గోడౌనులో ఒక పద్ధతి ఉంది. పాసైన ప్రతి లాటు నుంచి ఒక గాజు సీసాడు గింజలు తీసి, మూతకు లక్క వేసి, కొరికినవాడి సంతకంతో చీటీ కట్టి, వెనక గదిలో అరల మీద ఆరు నెలలు ఉంచుతారు. ఎవరైనా తగాదా తెస్తే చూపించడానికి. ఎవరూ ఎన్నడూ తేలేదు. ఆరు నెలలు దాటాక ఆ సీసాను ఆయనే విప్పి పారబోస్తాడు. ఆ గది తాళం చెవి ఆయన మొలతాడుకే ఉంటుంది.

తలుపు వేసుకుని లైటు వేశాడు. మూడో అరలో, కుడి కొస నుంచి నాలుగోది. సీసా అడుగున రెండు వేళ్ళ మందాన పిండి పేరుకుని ఉంది. పైన మిగిలినవి గింజలు కావు, పెంకులు. గాజు లోపలి వైపున ముక్కు పురుగులు పాకుతున్నాయి, ఒకదాని వీపు మీద ఒకటి, తీరిగ్గా, ఊళ్ళో పెద్దమనుషుల్లా. ముద్ర చెక్కుచెదరలేదు. అంటే బయటి నుంచి వచ్చినవి కావు. ఆయన తలాడించిన రోజునే గింజ లోపల ఉన్నాయి. మెడకు చీటీ, చీటీ మీద ఆయన సంతకం. బడిలో నేర్చిన గుండ్రటి అక్షరాలు.

ఇంకో మూడు వారాలకు ఆరు నెలలు నిండుతాయి. ఇవాళే పారబోసినా అడిగే నాథుడు లేడు. పెరటి కాలువ పది అడుగుల దూరంలో ఉంది. సీసా పట్టుకుని పెరటి తలుపు దాకా పోయాడు. లక్క కింద గోరు దూర్చాడు కూడా. అప్పుడే మధ్యాహ్నం గంట కొట్టారు. ఆ గంటకే కళ్ళద్దాల దుకాణంలో కూతురు మూత తీస్తుంది. ఆకు నల్లబడి ఉంటుంది, జిగురొచ్చి ఉంటుంది, అయినా ఆమె ఒక్క మెతుకు వదలకుండా తింటుంది, నాన్న కూడా తింటున్నాడని.

గోరు వెనక్కి తీసుకున్నాడు. ఇంత రోత ఆయనకు ఏ డబ్బా చూసినా కలగలేదు.

మేనేజరు ముప్ఫై ఐదేళ్ళవాడు, బల్ల మీద దుమ్ము కూడా వరసలో ఉండాలనే రకం. ఆయన సీసా తెచ్చి కాగితాల మీద పెట్టాడు. లాటు నంబరు చెప్పాడు, అది ఏ మిల్లుకు పోయిందో చెప్పాడు, ఏ సంచుల్లో ఏ దుకాణాలకు చేరిందో చెప్పాడు. మిల్లుకు కబురు చేసి సంచులు వెనక్కి తెప్పించాలన్నాడు. మేనేజరు కుర్చీ వెనక్కి జరుపుకుని, సీసా వైపు చూడకుండా మాట్లాడాడు. ఐదు నెలలైందని, ఈపాటికి సగం అమ్ముడుపోయి ఉంటుందని, ఎవరూ చచ్చిపోలేదని. ఉడికిన తరువాత పురుగుకూ గింజకూ తేడా ఏముంది, రెండూ బలమే అని నవ్వాడు కూడా. తరువాత గొంతు తగ్గించాడు.

"మాస్టారూ, మీ పేరు మీద మచ్చెందుకు? ఇన్నేళ్ళలో మీరు ఒక్కసారి పొరబడ్డారు. ఆ సీసా మీరు చూడలేదు, నేనూ చూడలేదు."

"ఒక్కసారి కాదు."

"అంటే?"

చెప్పడం కంటే చూపించడం తేలికనిపించింది. ఆయన బొటనవేలు నోట్లో పెట్టి పై వరస తీశాడు, తరువాత కింది వరస. రెండింటినీ సీసా పక్కన, మేనేజరు కాగితం మీద పెట్టాడు. తడికి కాగితం మీది అక్షరాలు అలుక్కుపోయాయి. కింది వరసకు పొద్దుటి రొట్టె ఇంకా అంటుకుని ఉంది. మేనేజరు ఏదో అనబోయి, చేతిగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

ఈ ఏడు నెలల్లో పాసైన లాట్లన్నీ ఇవి కొరికినవే అని ఆయన అన్నాడు. అంటే అనబోయాడు. పళ్ళు లేని నోట్లోంచి గాలి తప్ప మాట రాలేదు. ఆయన బల్ల మీది టెలిఫోను అందుకుని మిల్లు నంబరు తిప్పాడు. అవతల ఎవరో పలికారు. మళ్ళీ గాలే వచ్చింది. అవతలివాడు విసుక్కున్నాడు. ఆయన ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, బల్ల మీది పళ్ళు తీసుకుని, చొక్కా అంచుకు తుడిచి, నోట్లో పెట్టుకున్నాడు.

"ఆ లాటులో పురుగుంది. దుకాణాల నుంచి అన్ని సంచులూ వెనక్కి తెప్పించండి. సీసా నా దగ్గరుంది, వచ్చి చూసుకోండి."

ఎవరు మాట్లాడేది అని అడిగాడు అవతలివాడు.

"కొరికినవాణ్ణి."

ఏడు నెలల్లో ఆ పళ్ళు సరిగ్గా చేసిన పని ఆ ఒక్క మాట పలకడమే.

ఉత్తర్వు వచ్చేదాకా పనిలోకి రావద్దన్నాడు మేనేజరు. ఏడు నెలల లాట్లన్నీ మళ్ళీ చూడాలని తల పట్టుకున్నాడు. ఆయన మొలతాడు నుంచి తాళం చెవి విప్పి ఇచ్చి, ఇనుప గొట్టం గోడకు ఆనించి బయటకొచ్చాడు. గేటు దగ్గర మేస్త్రీ ఉన్నాడు. సంగతి అప్పుడే పాకింది. మేస్త్రీ నవ్వలేదు.

"మాకు తెలుసు బాబాయ్," అన్నాడు. "నువ్వు ఇదివరకు కొరికేటప్పుడు కళ్ళు మూసుకునేవాడివి. ఇప్పుడు మా ముఖాలు చూస్తున్నావు."

"తెలిస్తే చెప్పలేదేంరా?"

"పెద్దవాడివి. ఎలా చెప్తాం?"

అది గౌరవమట. ఆయన గేటు అవతల ఉమ్మేసి నడిచాడు. అటుపైన మేస్త్రీతో ఎప్పుడూ మాట్లాడలేదు.

కూతురు వచ్చేసరికి ఫ్రిజ్‌లోని రెండు శుక్రవారం డబ్బాలూ చెత్తబుట్టలో ఉన్నాయి, అలమారలోని సంచులు మూటగట్టి వాకిట్లో ఉన్నాయి. ఆమె మొదట అపార్థం చేసుకుంది. ఇష్టం లేకపోతే నోరు తెరిచి చెప్పొచ్చు కదా, ఇంత చేయాలా అని ఒంటికాలి మీద లేచింది. ఆయన చెప్పాడు. పురుగు నుంచి మొదలుపెట్టి నొక్కినట్టు నటించిన మూడు గింజల దాకా, దాచకుండా, మెరుగులు పెట్టకుండా. ఆమె సింకు దగ్గరికి పోయి చాలాసేపు వంగి నిలబడింది. తరువాత కళ్ళద్దాల దుకాణంలోని నలుగురికీ ఒకరి తరువాత ఒకరికి ఫోను చేసింది. చిన్నపిల్లల తల్లికి రెండుసార్లు చేసింది. ఫోను పెట్టేసి, తిరిగి చూడకుండా అడిగింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"నిన్న సాయంత్రం."

"పొద్దున నాకు చెంచా అందించావు."

ఆమె గదిలోకి పోయి తలుపు వేసుకుంది. శుక్రవారం మాట్లాడలేదు. శనివారం మాట్లాడలేదు. అల్లుడు ఊరి నుంచి వచ్చి ఇద్దరి ముఖాలూ చూసి, బయటే తినొస్తానని తప్పించుకున్నాడు. నిజంగానే అదృష్టవంతుడు.

ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో కత్తి చప్పుడు వినిపించింది. ఆయన పోయి గడప దగ్గర నిలబడ్డాడు. కీరదోస తరుగుతోంది. బల్ల మీద కొత్త సంచి, వేరే మిల్లుది, ఈసారి బార్లీ. డబ్బాలు ఐదే ఉన్నాయి. గిన్నెలో నీళ్ళు అప్పుడే పొగలు కక్కుతున్నాయి.

ఆయన ఆ సంచి తీసుకున్నాడు. వెడల్పాటి పళ్ళెం తీసుకుని కిటికీ దగ్గర కుర్చీ వేసుకున్నాడు. భార్య పోయాక రెండేళ్ళుగా ఎవరూ కూర్చోని కుర్చీ అది. గింజలు పళ్ళెంలో పోసి, ఒక్కొక్క వరసే వేలితో ఇవతలికి లాగుతూ చూడటం మొదలుపెట్టాడు. నోట్లో ఒక్కటీ వేసుకోలేదు. వెలుతురు పక్క నుంచి పడితే బెజ్జం ఉన్న గింజ నల్లగా కనిపిస్తుందని పావుగంటకు తెలిసింది. ఆవిడ ఎప్పుడూ అక్కడే ఎందుకు కూర్చునేదో కూడా తెలిసింది. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారైనా అడిగి ఉంటే చెప్పేదేమో. చెప్పకుండా పోయింది.

బార్లీలో ఏమీ లేదు. అయినా చివరిదాకా చూశాడు. నీళ్ళు ఆవిరైపోతున్నాయని కూతురు స్టవ్ తగ్గించింది, తొందరపెట్టలేదు. పళ్ళెం తెచ్చి ఇచ్చాక ఆమె వేళ్ళతో గింజలు కదిపి చూసింది. కళ్ళద్దాలు సరిచేసుకుని మళ్ళీ చూసింది. తండ్రి ఏరిన గింజలను ఆమె మళ్ళీ ఏరింది, ఆయన ఎదురుగానే. ఆయన పక్కకు జరిగి ఆమెకు వెలుతురు వదిలాడు. ఆ తరువాతే వాటిని నీళ్ళలో పోసింది.

గింజలు ఉడికి, చల్లారి, ఎప్పటిలాగే చెమర్చాయి. ఆమె చీజు చిదిపింది, మేకపెంటికలు చల్లింది, పచ్చి నూనె పోసింది. ఐదు డబ్బాలు నిండాయి. ఇంకా పళ్ళెంలో సగం మిగిలింది. ఆమె పై అరలోంచి మిగతా ఐదు డబ్బాలు దించింది.

ఇప్పుడు ఆయన మధ్యాహ్నాలు ఇంట్లోనే ఉంటాడు. పన్నెండున్నరకు ఫ్రిజ్ తెరుస్తాడు. సోమవారం మనసు రాయి చేసుకుంటాడు. మంగళవారం నీళ్ళు వంపేస్తాడు. గురువారం ఆకు నల్లబడి జిగురొస్తుంది. మూత తీసి, ముఖం చిట్లించి, కిటికీ వెలుతురులో చెంచా ఒకసారి తిప్పి చూసి, తింటాడు. ఇంత రోత తిండి లోకంలో ఇంకొకటి లేదని ఆయన అభిప్రాయం. అది మాత్రం మారలేదు.